మాటు

హారన్ అంటే ఏ లారీదో అనుకున్నాను నేను.
మా నాన్న అయితే అణిగిన బిందె అనుకున్నాడు.
తిరగేసి, బోర్లించి
"దీని మూతేదిరా" అన్నాడు.

లింగాల అసిరయ్య నవ్వలేదు.
విజయనగరం పోలీసు బేండులో ఇరవయ్యేడేళ్లు
ఆయన మూడో హారన్.
"మూడో హారన్ అంటే ఏటో తెలుసా బాబూ?
డ్రమ్ము 'ఢం' అన్నాక 'పం' అనడం."
ఎస్పీలు మారేరు, జీపులు మారేయి,
పం మారలేదు.

రిటైరైన నెలలోనే
తుక్కు వేలంలో నిలబడి
తన హారన్ని తనే కొనుక్కున్నాడు.
కిలోల లెక్కన.
పెట్టెకి కూడా తూకం వేసేరట.

యాభై ఎనిమిదో ఏట కల్యాణి మొదలెట్టేడు.
మీటలు మూడే. గమకానికి మీటలు చాలవు.
కుడిచెయ్యి హారన్ నోట్లోకి పోనిచ్చి
వేళ్లు ముడిచి, విప్పి,
స్వరాన్ని లాగేవాడు
అడ్డం తిరిగిన దూడని
ఆవు కడుపులోనే సర్దే మనిషిలా.

నరసన్నపేట మేళంలో చేరేడు.
సినిమా పాటకీ సినిమా పాటకీ మధ్య
మిగతావాళ్లు బీడీ ముట్టించుకునే ఖాళీలో
కాస్త ఆలాపన.
"ఎవరిదో గేదె తప్పిపోయినట్టుంది" అన్నారు
సారవకోట పెళ్లివారు.

ఏడాదికి మూడుసార్లు బుడితి వచ్చేవాడు,
చంకలో హారన్, చేతిసంచిలో చింతపండు,
తోమడానికి ఆయన చింతపండు ఆయనే తెచ్చుకునేవాడు.
నేను తొట్టిలో ముంచి ఊదేవాణ్ణి.
బుడగ ఎక్కడ లేస్తే అక్కడ మాటు.
దాని పాట నాకు తెలిసింది అంతే,
బుడగలు.
ఒకసారి పురికోస పెట్టి చుట్టలన్నీ కొలిచేను.
పన్నెండడుగులు దాటింది.
అంత దూరం నడిచొచ్చిన ఊపిరి
ఇంకా వేడిగానే ఉండేది.

కానీ దీని నోరు వెనక్కి ఉంటుంది.
సన్నాయి, క్లారినెట్, ట్రంపెట్
అన్నీ ఎదురుగా ఉన్నవాణ్ణి చూసి వాయిస్తాయి.
ఇది తగువులో మొహం తిప్పుకున్న తోడల్లుడు.
ఇదేటని అడిగేను.
"పోలీసు లైన్లో మా వెనక గోడ ఉండేది బాబూ,
గోడకి తగిలి ముందుకొచ్చేది.
ఊరేగింపులో గోడేదీ?"

తర్వాత ముందుపన్ను ఊడింది. పక్కదీ ఊడింది.
మూతిముక్క కాస్త వెడల్పు చెయ్యమన్నాడు.
చేసేను. కుదర్లేదు.
ఇంకోటి పోసేను.
మూడోదానికి డబ్బు తీసుకోలేదు.
చివరిసారి వచ్చి
"ఎక్కడో గాలి పోతంది, చూడు" అని కొట్లో వదిలి వెళ్లేడు.
ముంచేను.
ఒక్క బుడగ లేవలేదు.
రెండోసారి ముంచేను.

మాఘంలో కబురొచ్చింది.

ఆ ఎండాకాలం ఒకావిడ చెంబు పట్టుకొచ్చింది, మాటుకి.
పేరు తవిటమ్మ.
మేకుకి వేలాడుతున్నదాన్ని చూసి ఆగిపోయింది.
తొమ్మిదేళ్లు ఆ మేళంలో
నెత్తిన ట్యూబులైటు మోసిందట, సరిగ్గా ఆయన వెనకే.
"మెడ తిప్పితే వైరు తెగిపోతాది బాబూ.
ఆ బాబు వాయించినప్పుడు మొకం నానెప్పుడూ సూళ్ళేదు,
ఈపే తెలుసు."

కొలిమి ఊదుతున్నాను.
గుమ్మంలో గొంతుక్కూచుని
చెంబు కోసం ఎదురుచూస్తూ
ఏదో కూనిరాగం తీస్తోంది, మాటల్లేవు.
కింద మొదలైంది, మెల్లిగా ఎక్కింది,
ఒకచోట
చెయ్యి లోపలికి పోయినట్టు
మూసుకుని, సాగి, తెరుచుకుంది.

నాకు సంగీతం రాదు.
కానీ ఆ హారన్లో ప్రతి సొట్టా తీసినవాణ్ణి నేను.
పట్టకారు అలాగే పట్టుకుని ఉండిపోయేను,
మాటు నల్లబడిపోయింది.

"ఎంతయ్యింది?" అంది, కొంగుముడి విప్పుతూ.
"ఇంకోపాలి అను" అన్నాను.
"ఎంతయ్యిందీ అంటన్నాను"
గట్టిగా అరిచింది,
నాకు చెవుడనుకుని.